పరంగిమల మెట్ల మీద ఒక పంచాయితీ: డాన్ బ్రౌనా, ఎకోనా?

సెంట్రల్ స్టేషన్ పక్కన పాత పుస్తకాల కొట్లున్న చోటుని మద్రాసులో ఇప్పటికీ మూర్ మార్కెట్ అనే అంటారు. అసలు మార్కెట్ 1985లోనే కాలిపోయింది, పేరు మాత్రం మిగిలింది. నెల్లూరు నుంచి వచ్చిన మా అక్క కొడుకు అక్కడ రెండు చేతుల్లో రెండు పుస్తకాలు పట్టుకుని నిలబడ్డాడు. "మావయ్యా, చర్చి రహస్యాల థ్రిల్లర్ ఒకటి చదవాలి. ఏది మేలు?"

ఒక చేతిలో డాన్ బ్రౌన్ 'ద డావిన్చీ కోడ్', రెండో చేతిలో ఉంబెర్తో ఎకో 'ఫూకోస్ పెండ్యులం'. మొదటిది అట్ట ఊడి, వెన్ను విరిగి, చివరి పేజీ దాకా నలిగి ఉంది. రెండోదాంట్లో మొదటి నలభై పేజీలే మాసాయి, ఆ తర్వాత అంతా కొత్తదే. కొట్టాయన మొదటిదానికి నూటయాభై, రెండోదానికి ఎనభై చెప్పాడు. సగం జవాబు అక్కడే దొరికినట్టు. రెండూ కొనిపించి, ఏది ముందు చదవాలో కొండ మీద చెప్తానని పార్క్ స్టేషన్లో లోకల్ ఎక్కించాను. కొండంటే పరంగిమల, సెయింట్ థామస్ మౌంట్.

మనకి బ్రౌన్ అంటే నిఘంటువు దొరే గుర్తొస్తాడు. ఆయన మాటలకి అర్థాలిచ్చాడు, ఈయన మాటల్లో గుట్లు పెడతాడు. 2003లో వచ్చిన ఈ నవల చదివించే తీరుకి వంక పెట్టలేం. రెండు మూడు పేజీలకో అధ్యాయం, ప్రతి అధ్యాయం చివరా ఎవరో తలుపు తీస్తారు. వారపత్రిక సీరియల్లో 'సశేషం' దగ్గర గుండె జారేది చూశారూ, అలాంటివి వంద దాకా ఒకే అట్టలో కుట్టినట్టుంటుంది. నెల్లూరులో పినాకిని ఎక్కి మొదలుపెడితే సెంట్రల్ వచ్చేసరికి దిగబుద్ధి కాదు.

నా పేచీ కథతో కాదు. కథ మొదలయ్యే ముందు 'ఇవి వాస్తవాలు' అంటూ పెట్టిన పేజీతో. ప్రయరీ ఆఫ్ సయన్ అనే రహస్య సంఘం 1099లో పుట్టిందనీ, అది నిజంగా ఉన్నదేననీ అక్కడ రాసి ఉంటుంది. నిజంగా ఉన్నమాట ఒప్పే. కాకపోతే 1956లో పియెర్ ప్లాంటార్ అనే ఫ్రెంచాయన మరికొందరితో కలిసి రిజిస్టర్ చేయించిన సంఘం అది. సయన్ అన్నది జెరూసలేం కొండ కూడా కాదు, వాళ్ల ఊరి దగ్గర గుట్ట పేరు. సంఘం నడిపిన చిన్న పత్రిక చౌక అద్దె ఇళ్లలో ఉండేవాళ్ల హక్కుల గురించి రాసేది! ఆ తర్వాత 1960ల్లో ప్లాంటార్ బృందం పాత వంశవృక్షాల్లా కనిపించే కాగితాలు తయారుచేసి పారిస్ జాతీయ గ్రంథాలయంలో చేర్పించింది. 1993లో ఒక జడ్జి ముందు ఇదంతా కల్పనేనని ప్లాంటారే ఒప్పుకున్నాడు. నవల వచ్చింది ఆ తర్వాత పదేళ్లకి.

లూవ్ర్ మ్యూజియం గాజు పిరమిడ్‌కి సరిగ్గా 666 పలకలని రాశాడు. మ్యూజియం లెక్క 673. 325లో క్రైస్తవ బిషప్పులు కూడిన నైసియా సభలో ఏసు దైవత్వం కొద్ది ఓట్ల తేడాతో గట్టెక్కిందన్నట్టు ఒక పాత్ర చెప్తుంది. అక్కడ కూడిన దాదాపు 300 మంది బిషప్పుల్లో చివరిదాకా సంతకం పెట్టనన్నవాళ్లు ఇద్దరు. నవలలో అబద్ధం ఉంటే నాకేం అభ్యంతరం లేదు, అబద్ధమాడటానికే నవల. ముందు పేజీలో ఒట్టేసి ఆడటమే నచ్చలేదు.

ఇంత గొడవలోనూ తమాషా ఏమిటంటే, 2006లో సినిమా వచ్చినప్పుడు సెన్సారు పాస్ చేసినా తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు రెండూ ఆపేశాయి. రెండు చోట్లా హైకోర్టులే ఆ నిషేధాలు కొట్టేశాయి. ఆ రోజుల్లోనే ఇక్కడ పేవ్‌మెంట్ మీద పుస్తకం గుట్టలుగా అమ్ముడుపోతుండేది, దాన్ని అడ్డుకున్నవాడు లేడు.

ఎకో పద్ధతి తలకిందులు. 1988 నాటి ఆయన నవలలో మిలాన్‌లో ముగ్గురు ప్రచురణ సంస్థ ఉద్యోగులు. టెంప్లర్లనే మధ్యయుగపు క్రైస్తవ యోధుల సంఘం గుట్టు కనిపెట్టామంటూ రాతప్రతులు పట్టుకొచ్చే పిచ్చివాళ్లని చూసి చూసి, సరదాకి వాళ్లే ఒక మహా కుట్ర అల్లుతారు. కొందరు దాన్ని నిజమని నమ్ముతారు, చంపేదాకా వెళ్తారు. మధ్యలో ఒక ముచ్చట: స్నేహితుడి కంప్యూటర్ తెరవాలి. 'పాస్‌వర్డ్ తెలుసా?' అని అడుగుతుంది. కథ చెప్పేవాడు దేవుడి పేరులోని అక్షరాలని 720 రకాలుగా తిప్పిస్తాడు. తెరుచుకోదు. విసుగెత్తి 'తెలీదు' అన్నట్టు 'నో' అని కొడతాడు. తెరుచుకుంటుంది. నాకు పుస్తకమంతా ఆ ఒక్క పేజీలోనే ఉందనిపిస్తుంది. ఇంకొకటి చెప్తే కథ బయటపడుతుంది గానీ చెప్పకుండా ఉండలేను: వీళ్లు ప్రపంచాన్ని ఏలే పథకం అనుకున్న పాత కాగితాన్ని కథ చెప్పేవాడి సహచరి లియా చదివి, ఇది గడ్డి, బట్టలు, గులాబీలు ఎక్కడ ఇవ్వాలో రాసుకున్న వర్తకుడి పద్దు అని తేల్చేస్తుంది.

కానీ ఎకో మాస్టారు పాఠకుణ్ణి ఉతికేస్తాడు. లాటిన్, కబాలా అనే యూదుల మార్మిక విద్య, చరిత్ర, ఒకదాని మీద ఒకటి. ఆ నలభై పేజీల మరక ఊరికే రాలేదు. నేనూ రెండుసార్లు వదిలేసి మూడోసారి గట్టెక్కినవాణ్ణే.

కొండ మీద గుళ్లో బలిపీఠం వెనక ఒక రాతి శిలువ ఉంది. 1547లో పోర్చుగీసువాళ్ల తవ్వకంలో బయటపడిందని చెప్తారు. చుట్టూ పహ్లవీ అనే పాత పర్షియా లిపిలో ఒక వాక్యం చెక్కి ఉంది. 1870ల్లో బర్నెల్ అనే ఇంగ్లీషు పండితుడు దాన్ని ఒకలా చదివాడు, తర్వాతివాళ్లు మరోలా చదివారు. ఒకప్పుడు ఈ శిలువ నెత్తురు చెమర్చేదని నమ్మకం. ఏసు శిష్యుడు థామస్ సమాధి మద్రాసులోనే శాంథోమ్‌లో ఉంది, ఆయన ఎముకలు 1258 నుంచి ఇటలీలో ఒర్తోనాలో ఉన్నాయంటారు. మావాడి కళ్లు మెరిశాయి. "దీన్ని పెట్టి ఎన్ని రాయొచ్చు మావయ్యా!"

సరిగ్గా అక్కడే చెప్పాను. ఇదే శిలువ బ్రౌన్ చేతిలో పడితే ఆయన కథానాయకుడు, హార్వర్డ్ ప్రొఫెసరు, ముప్పయ్యో పేజీలో గడగడా చదివేసి ఒర్తోనాకి విమానం ఎక్కుతాడు. ఎకో చేతిలో పడితే ముగ్గురు మూడు రకాలుగా చదువుతారు, నాలుగోవాడు తన అర్థం కోసం హత్య చేస్తాడు.

"మరి మన దేశం కథ లేదా?" అన్నాడు. ఉంది. శ్రీనగర్‌లోని రోజాబల్ దర్గాలో ఉన్నది ఏసు సమాధేనన్న వాదం చుట్టూ అశ్విన్ సాంఘీ 'ద రోజాబల్ లైన్' రాశాడు. మొదట 2007లో తన పేరులోని అక్షరాలే తారుమారు చేసి షాన్ హేగిన్స్ పేరుతో వేశాడు, ఆ చమత్కారం బాగుంది. లోపల మాత్రం కోచింగ్ సెంటర్ నోట్సులా సమాచారం దొర్లుతుంది, మనుషులు నిలబడరు. సెలవుల్లో చూసుకోవచ్చు.

నా ఓటు ఎకోకే, కానీ మొదట కాదు. ముందు బ్రౌన్‌ని ఒక్క రాత్రిలో చదివెయ్యమన్నాను. ఆ మైకం తెలియనివాడికి ఎకో దేన్ని వెక్కిరిస్తున్నాడో అందదు. బ్రౌన్ నా నవలలోని పాత్రలాంటివాడు అన్న అర్థంలో ఎకో ఒక ఇంటర్వ్యూలో అననే అన్నాడు. పెండ్యులం బరువైతే, ముందు ఆయనదే 'ద నేమ్ ఆఫ్ ది రోజ్' పట్టుకోమన్నాను. 1327లో ఒక మఠంలో వరుస హత్యలు. అవి బైబిల్ ప్రకటన గ్రంథం వరుసలో జరుగుతున్నాయనుకుని వెతికిన సన్యాసి హంతకుణ్ణి పట్టుకుంటాడు, తీరా చూస్తే ఆ వరుసే లేదు.

దిగేటప్పుడు మావాడు మెట్లు లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఎందుకురా అంటే, "ఏదైనా అంకె వస్తుందేమో చూద్దామని" అన్నాడు. సగంలో ఎవరో ఫోన్ చేశారు, లెక్క తప్పాడు.