బొమ్మ పేరు వెనక తోక: మూడేళ్ల వాడకం తర్వాత

విండోస్‌లో, ఫైళ్లు చూసే కిటికీలోని వ్యూ మెనూ లోపల ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ అని ఒక టిక్కు ఉంటుంది. అది పెడితే ఫైలు పేరు చివర, చుక్క తర్వాత, ఆ ఫైలు ఏ రకమో చెప్పే జేపీజీ లాంటి తోక కనిపిస్తుంది. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. నేను ఆన్ చేసి మూడేళ్లు దాటింది. డబ్బు పెట్టి కొన్న యాంటీవైరస్ కంటే దీని మీదే నాకు ప్రేమ ఎక్కువ.

నాది డిజైన్ పని. పాత కాగితం మరకలు, గోడ పగుళ్లు, ఇలాంటి బొమ్మల కోసం ముక్కూ మొహం తెలియని సైట్లన్నీ తిరుగుతాను. ఒకసారి అర్ధరాత్రి హడావుడిలో ఒక జిప్ దింపాను. లోపల ఇరవై ఫైళ్లు. పంతొమ్మిది జేపీజీలే. ఇరవయ్యోదానికీ అదే ఫొటో గుర్తు, అదే తరహా పేరు. కానీ జేపీజీ తర్వాత ఇంకో చుక్క, దాని వెనక ఈఎక్స్‌ఈ! అంటే బొమ్మ కాదు, తెరిస్తే నడిచే ప్రోగ్రామ్. అప్పటికే ఒక క్లిక్ అయిపోయింది, రెండోది పడలేదంతే. ప్రోగ్రామ్ ఫైలుకి ఏ ఐకాన్ అయినా తగిలించవచ్చు, కాబట్టి గుర్తు చూసి నమ్మడానికి లేదు. తమాషా ఏమిటంటే, టిక్కు లేకపోతే మిగతా పంతొమ్మిదింటికీ తోక కనిపించేది కాదు, దీనికి మాత్రం జేపీజీ అని కనిపించేది. దొంగే అందరికంటే పెద్దమనిషిలా ఉండేవాడు! 2000లో ‘ఐ లవ్ యూ’ వైరస్ చేసిందీ ఇదే. పేరులో టీఎక్స్‌టీ కనబడింది, అసలు తోక, తెరిస్తే నడిచే స్క్రిప్ట్‌కి ఉండే వీబీఎస్, దాక్కుంది.

ఆ తర్వాత కొన్నాళ్లు కనిపించిన వాళ్లందరికీ ఇదొక్కటి చాలని చెప్పాను. అంత గట్టిగా చెప్పకుండా ఉండాల్సింది. పోయినేడాది వచ్చిన ఒక ఫైలు పేరు చక్కగా జేపీజీతోనే ముగిసింది. పక్కన ‘టైప్’ కాలమ్‌లో మాత్రం స్క్రీన్ సేవర్ అని ఉంది. అదీ ప్రోగ్రామే, దాని తోక ఎస్‌సీఆర్. అక్షరాలను కుడి నుంచి ఎడమకు తిప్పే, కంటికి కనబడని యూనికోడ్ గుర్తు ఒకటుంది. దాన్ని పేరు మధ్యలో పెడితే చివరనున్న ఎస్‌సీఆర్ తిరగబడి లోపలికి పోతుంది, జేపీజీ చివరికొస్తుంది. అప్పటినుంచి ఆ టైప్ కాలమ్ కనిపించే డీటెయిల్స్ వ్యూ తప్ప వేరేది వాడటం లేదు.

ఎస్‌వీజీ అనే బొమ్మల రకం సంగతి వేరు. తోక నిజమే చెబుతుంది, కానీ అందులో స్క్రిప్ట్ రాయవచ్చు. నేరుగా బ్రౌజర్‌లో తెరిస్తే అది నడుస్తుంది. ఇక 2023లో వెబ్‌పీ అనే ఇంకో రకం బొమ్మల విషయంలో బయటపడిన లోపం లాంటివాటికి ఈ టిక్కు ఏమీ చేయలేదు. ఆ బొమ్మ నిజంగా బొమ్మే, లోపం దాన్ని చూపించే కోడ్‌లో ఉంది. బ్రౌజర్‌నీ, అలాంటి బొమ్మలు చూపించే మిగతా యాప్‌లనూ అప్‌డేట్ చేసుకోవడం తప్ప దారి లేదు.

రోజూ కంప్యూటర్‌లో జిప్‌లు విప్పేవాణ్ని కాబట్టి నాకు పనికొచ్చింది. ఫోన్‌లోనే ఫొటోలు దింపుకునేవారికి దీనితో పనే ఉండదు. ఇంట్లో ఇంకొకరి కంప్యూటర్‌లోనూ పెట్టి చూశాను. పేరు మార్చేటప్పుడు తోక కూడా చెరిపేసి, ఫొటోలు తెరుచుకోవడం లేదని రెండుసార్లు టెన్షన్ పడ్డారు. అక్కడ టిక్కు తీసేసి, జిప్‌లేమైనా వస్తే విప్పకుండా ముందు నాకు చూపించమన్నాను.