జీరో బ్యాలెన్స్ అని అంటగట్టేటోళ్లతోని జర పైలం

పత్తి పైసలు పడ్డయని మెసేజ్ వచ్చింది. ఎరువుల దుకాణపాయనకు ఫోన్ చేసి "వస్తున్న సేటూ" అని గూడ చెప్పిన. ఏటీఎం కాడికి పోయి చూస్తే ఐదు వేల పైచిలుకు తక్కువున్నయ్.

బ్యాంకు పేరు రాయ. హన్మకొండోళ్లకు చెప్పక్కర్లే, గల్లీల టేబులేసుకొని అకౌంట్లు తెరిపిచ్చిన బ్యాచే. "అన్నా, జీరో బ్యాలెన్స్, నా టార్గెట్ అయితది" అని పోరడు బతిమిలాడితే వేలిముద్ర పెట్టిన. అదే ఊపుల నా ఆధార్‌ను గూడ ఆ అకౌంట్‌కే లింకు చేసుకున్నరు. పత్తి కొనే సర్కారు సంస్థ సీసీఐ పైసలు ఆధార్ యాడ లింకుంటే ఆన్నే పడతయ్ గదా. ఏండ్ల సంది వాడుతున్న గవర్నమెంటు బ్యాంకు పాస్‌బుక్కుల రూపాయి పడలే.

బ్రాంచికి పోయిన. కౌంటర్ల సారు తలెత్తకుండనే "మినిమం బ్యాలెన్స్ మెయింటేన్ చెయ్యలే మీరు" అన్నడు. నెలకు సగటున పది వేలుండాల్నంట. జీరో బ్యాలెన్స్ అన్నరు గదా అంటే "ఎవరన్నరో వాళ్లనే అడుగుండ్రి". స్క్రీన్ జరంత నా దిక్కు తిప్పిండు. నెల నెలా ఫైను, దాని కింద పద్దెనిమిది శాతం జీఎస్టీ, ఇంకో వరుసల ఎస్సెమ్మెస్ చార్జీలు. ఫైను వేసినమని చెప్పిన మెసేజ్‌కు గూడ మన జేబుల నుంచే! అకౌంట్ల పైసల్లేనన్ని రోజులు బాకీ రాసిపెట్టి, పత్తి పైసలు పడంగనే మొత్తం కోసుకున్నరు.

నేను గట్టిగ మాట్లాడెటాలకు లైన్ల ఉన్నోళ్లందరు వినంగ అన్నడు: "గంత పెద్ద ఫోన్ కొన్నరు, మెసేజ్ చదువరాదా? పది వేలు ఉంచలేనోళ్లకు మా బ్యాంకెందుకు?"

కరెక్టే సార్. పది వేలు ఊకె పండబెట్టే స్థోమతుంటే ఎరువులు ఉద్దెరకెందుకు తెస్త?

అకౌంట్ తీపిచ్చిన పోరనికి ఫోన్ చేస్తే "నేనిప్పుడు వేరే కంపెనీల ఉన్న అన్నా" అని పెట్టేసిండు. అండ్ల మిగిలింది సేటుకిస్తే బండి ఈఎమ్ఐ బౌన్సయింది. దానికి బ్యాంకోడొకసారి, ఫైనాన్సోడొకసారి మళ్ల చార్జీ.

మీరైతే మై ఆధార్ సైట్ల బ్యాంక్ సీడింగ్ స్టేటస్ ఇప్పుడే చూసుకోండి, మీ పైసలు ఏ బ్యాంకుల పడతయో తెలుస్తది. వేరే బ్యాంకుంటే, మీరు వాడే బ్యాంకుకు పోయి ఫారం రాసిచ్చి మార్పిచ్చుకోండి. నిజంగ జీరో బ్యాలెన్స్ కావాల్నంటే "బేసిక్ సేవింగ్స్ అకౌంట్" అని పేరు పెట్టి అడుగుండ్రి, దాంట్ల మినిమం బ్యాలెన్స్ గొడవే ఉండది. ఇంకోటి, ఈ ఫైన్లతోని అకౌంట్ మైనస్‌ల పడొద్దని, ఫైను వేసే ముందు కస్టమర్‌కు చెప్పి బ్యాలెన్స్ నింపుకోవడానికి నెల టైమియ్యాల్నని రిజర్వ్ బ్యాంకు రూలు 2015 ఏప్రిల్ నుంచే ఉంది. బ్యాంకుల రాతపూర్వకంగ ఫిర్యాదిచ్చి, ముప్పై రోజులల్ల తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పెట్టుకోవచ్చు. ఖర్చు లేదు, ఫోన్ నంబర్ 14448.

నేనైతే కాయితం రాసిచ్చిన. నకలు మీద స్టాంపు కొట్టుమంటే ప్యాడ్ ఎండిపోయిందన్నడు. తేదీ వేసి సంతకం పెట్టేదాంక కౌంటర్ ఇడువలే.