పానీయంలో రంగు నిలవాలంటే: వేడిచేసిన మొక్క ప్రొటీనా, తుమ్మ జిగురా?

ఊదా క్యారెట్ రంగు కలిపిన పానీయం సీసాలో పోసిన రోజు దానిమ్మ గింజలా మెరుస్తుంది. కొన్ని వారాలు పోయాక అదే సీసాను వెలుతురుకు పట్టి చూస్తే ఎరుపు వెలిసి, గోధుమ ఛాయ తిరిగి ఉంటుంది. ఆరోగ్యానికని కలిపిన విటమిన్ సి ఇక్కడ ఇంటిదొంగ. అది ఆక్సిజన్‌తో చర్య జరిపి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. ఎర్రదనాన్నిచ్చే ఆంథోసయనిన్ అణువులను ఆ పెరాక్సైడ్ విరిచేస్తుంది. విటమిన్ సి మానేస్తే సగం తగవు తీరుతుంది కానీ, లేబుల్ మీద ఆ పేరు కావాలనే వారు ఒప్పుకోరు. అప్పుడు రంగుకు ఒక కాపలా కావాలి.

సోయా, బఠానీ ప్రొటీన్లు మామూలుగా ఉండ చుట్టుకుని ఉంటాయి. నీరంటే పడని భాగాలు లోపల దాగి ఉంటాయి. వేడి తగిలితే ఉండ విప్పుకుని ఆ భాగాలు బయటపడతాయి, ఆంథోసయనిన్ వాటిని అంటిపెట్టుకుంటుంది. సోయాలోని రెండు ముఖ్య ప్రొటీన్లలో ఒకటి సుమారు 75 డిగ్రీలకు, రెండోది 90 డిగ్రీల దరిదాపుల్లో విప్పుకుంటాయి కాబట్టి గోరువెచ్చని వేడితో పని జరగదు. ప్రొటీన్‌ను విడిగా వేడిచేసి, చల్లార్చి, ఆ తరువాతే రంగు కలపాలి. అన్నీ కలిపి ఉడికిస్తే కాపాడాల్సిన రంగే ముందు మాడిపోతుంది.

అసలు చిక్కు పులుపు దగ్గర వస్తుంది. ప్రొటీన్ ద్రావణంలో సిట్రిక్ ఆమ్లం చుక్కలుగా వేస్తూ పోతే పీహెచ్ (పులుపు కొలత, పులుపు పెరిగేకొద్దీ తగ్గుతుంది) 4.5 దగ్గర పాలు విరిగినట్లు తరకలు కడుతుంది. 3 దాకా దించితే చాలా వరకు మళ్లీ కరుగుతుంది. అందుకే బాగా కలియదిప్పుతూ ఆ గండాన్ని త్వరగా దాటించాలి. ఉప్పో కాల్షియమో ఎక్కువైతే ముతక రేణువులు అడుగున చేరతాయి. మబ్బుదనం, పచ్చి చిక్కుడు వాసన ఎలాగూ ఉంటాయి. సోయా అయితే అలర్జీ హెచ్చరిక కూడా రాయాలి.

తుమ్మ జిగురుకు ఈ తంటాలేవీ లేవు. వాసన లేదు, పుల్లని నీటిలోనూ చక్కగా కరుగుతుంది. 1.5 శాతం దగ్గర రంగును బాగా నిలిపిందనీ, 5 శాతానికి పెంచితే ఆ మేలు తగ్గిందనీ ప్రయోగాల్లో తేలింది. తమాషా ఏమిటంటే, ఈ జిగురులోనూ రంగును పట్టుకునేది అందులోని కొద్దిపాటి ప్రొటీన్ భాగమేనని భావిస్తున్నారు.

అద్దంలా కనిపించాల్సిన పానీయమైతే నా ఓటు జిగురుకే. ఎలాగూ చిక్కగా ఉండే ప్రొటీన్ పానీయమైతే వేడిచేసిన బఠానీ ప్రొటీన్ మేలు. పోషణ, రంగు రెండూ ఒకే దినుసుతో కుదురుతాయి. పసుపుకు ఆ రంగునిచ్చే కుర్కుమిన్ సంగతి వేరు. అది నీటిలో కరగనే కరగదు, కాబట్టి అక్కడ నేను నేరుగా, నీరంటే పడని భాగాలున్న ప్రొటీన్‌తోనే మొదలుపెడతాను.