"గూడూరు దగ్గర బ్రిడ్జి కొట్టుకుపోయింది": ముందు మ్యాప్ తెరవాలా, వార్తలు వెతకాలా?

వానాకాలం వస్తే ఇలాంటి వీడియోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటాయి. "గూడూరు దగ్గర బ్రిడ్జి పోయింది, ఆ దారిన ఎవరూ వెళ్లొద్దు" అంటారు. ఏ గూడూరో మాత్రం చెప్పరు. నెల్లూరు, తిరుపతి మధ్యనున్న రైల్వే జంక్షన్ గూడూరా? కర్నూలు జిల్లాలోదా, కృష్ణా జిల్లాలోదా, మహబూబాబాద్ జిల్లాలోదా?

చాలామంది నేరుగా వార్తల్లోకి దూకుతారు. నేనైతే ముందు మ్యాపే తెరవమంటాను. వీడియోలో కనిపించే ఏరు, రైలు పట్టాలు, రోడ్డు వంపు ఏ గూడూరుకు సరిపోతాయో అక్కడ ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. వార్తల్లో మొదలుపెడితే నాలుగు గూడూర్లూ కలిసిపోయి వస్తాయి.

మ్యాపుల్లో మళ్లీ ఏది? టౌన్లలో గూగుల్ మ్యాప్స్‌దే పైచేయి. దుకాణాల పేర్లు, జనం పెట్టిన ఫొటోలు, ఫోన్ నంబర్లు ఇంకెక్కడా అన్ని దొరకవు. ఊళ్లు దాటి పాడేరు, మారేడుమిల్లి వైపు వెళ్తే మాత్రం జనమే గీసే ఉచిత మ్యాప్ అయిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడిచే ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి యాప్ ఫోన్లో ఉండాల్సిందే. సిగ్నల్ లేకపోయినా కాలిబాటలకు కూడా దారి చూపిస్తుంది. గూగుల్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాప్ ఆఫ్‌లైన్లో వాహనాల దారి చెబుతుంది కానీ నడక దారి చెప్పదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఇంకో సుగుణం, ఒక రోడ్డును ఎవరు ఎప్పుడు గీశారో, ఎప్పుడు మార్చారో చరిత్ర మొత్తం బయటికే కనిపిస్తుంది. అయితే ఎవరూ గీయని ఊరు అందులో ఖాళీగానే ఉంటుంది.

ఏమి జరిగిందన్న ప్రశ్న దగ్గర మ్యాపులన్నీ తడబడతాయి. 2024 సెప్టెంబరు 1న నందిగామ దగ్గర ఐతవరం వద్ద 65వ నంబరు జాతీయ రహదారి మీదికి నీళ్లొచ్చి హైదరాబాద్, విజయవాడల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. మ్యాప్‌లో ఎర్ర గీత ఫోన్ల కదలికను బట్టి వస్తుంది. అది వరదో, బోల్తాపడ్డ లారీయో ఎవరో ఒకరు చెబితే తప్ప దానికి తెలియదు. ఇక్కడ వార్తలే దిక్కు.

కానీ వార్తల వెతుకులాట తెలుగులో కాస్త ఓపిక పని. కొటేషన్ గుర్తుల మధ్య "గూడూరు" అని పెడితే "గూడూరులో", "గూడూరుకు" అని రాసిన కథనాలు జారిపోతాయి. అందుకే ఆ గుర్తులు తీసేసి, పక్కన ఏటి పేరో, పక్క ఊరి పేరో చేర్చాలి. జిల్లా పేరు చేర్చేటప్పుడు తేదీ చూసుకోవాలి. జంక్షన్ గూడూరు 2022 ఏప్రిల్ 4 దాకా నెల్లూరు జిల్లా, ఆ రోజు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. మహబూబాబాద్ గూడూరు 2016 అక్టోబరుకు ముందు వరంగల్ జిల్లాలో ఉండేది. పాత వరద వీడియోకు కొత్త శీర్షిక తగిలించారేమోనని అనుమానమొస్తే పాత జిల్లా పేరుతోనే వెతకాలి. గూగుల్ సెర్చ్ పేజీలో టూల్స్ నొక్కి తేదీల హద్దు పెట్టుకుంటే, గూగుల్ న్యూస్ యాప్ కంటే నాకు ఇదే ఎక్కువ పనికొస్తుంది. ఆ యాప్ తాజా వార్తల వెంట పరిగెత్తుతుంది, రెండేళ్ల కిందటి కల్వర్టు దానికెందుకు?

వార్త దొరకలేదంటే జరగలేదని మాత్రం అనుకోవద్దు. చిన్న వంతెన కబురు జిల్లా పేజీలోనే ఆగిపోవచ్చు. ఈ-పేపర్లో ఆ పేజీ బొమ్మగా ఉంటే సెర్చ్‌కు చిక్కకపోవచ్చు.

ఈ రాత్రే ప్రయాణమైతే ఈ గొడవంతా పక్కనపెట్టి దగ్గరి ఆర్టీసీ డిపోకు ఫోన్ చేయడం మేలు. ఆ దారిన బస్సు నడుస్తోందో లేదో వాళ్లే చెప్పగలరు. నంబరు ఎలాగూ మ్యాప్‌లోనే వెతుక్కోవాలి.