రచయిత కాగితాలు: ఇంట్లో ఉంచాలా, స్కాన్ చెయ్యాలా, గ్రంథాలయానికి ఇవ్వాలా?

మా పెదనాన్న కథలు రాసేవారు. ఆయన పోయాక అటక మీది ట్రంకు పెట్టె దించితే చిత్తుప్రతులు, పోస్టుకార్డులు, సంపాదకుల ఉత్తరాలు బయటపడ్డాయి. అడుగున ఉన్నవాటిని చెదలు తినేశాయి. మిగిలినవాటిని ఏం చెయ్యాలని ఇంట్లో ఆరు నెలలు తర్జనభర్జన పడ్డాం.

అమ్మ ఇంట్లోనే ఉంచుదామంది. నిజమే, ఇంటివాళ్ళకున్న ప్రేమ ఇంకెవరికి ఉంటుంది? గురజాడ 1915లో పోయారు. కొండుభట్టీయం, బిల్హణీయం పూర్తి కాకుండానే ఉండిపోయాయి. ఆ కాగితాలను పాత చెత్త అనుకుని ఎవరైనా పారేసి ఉంటే ఆ రెండు నాటకాలూ మనకి దక్కేవి కావు. కానీ ప్రేమ ఒక తరం ఉంటుంది, మహా అయితే రెండు. ఇల్లు మారిన ప్రతిసారీ ఒక కట్ట తగ్గుతుంది. పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తొలిచేస్తాయి, సెలోటేప్ అంటించినచోట పసుపు మరక మిగులుతుంది. దయచేసి లామినేషన్ మాత్రం చేయించకండి. దాన్ని మళ్ళీ ఊడదీయాలంటే కాగితమే పోతుంది.

తమ్ముడు స్కాన్ చేసేస్తే సరిపోతుందన్నాడు. స్కాన్ తప్పకుండా చెయ్యాలి, నలుగురూ చదవడానికి అంతకన్నా సులువైన దారి లేదు. అయితే హడావిడిగా ఫోన్‌తో తీసేటప్పుడు కాగితం వెనక రాసిన రెండు వాక్యాలు వదిలేస్తాం. కొట్టేసిన మాట కింద ఏముందో వెలుతురుకి పట్టుకుని చూడాలంటే అసలు కాగితమే కావాలి. పైగా హార్డ్ డిస్క్ ఒకరోజు ఉన్నట్టుండి తెరుచుకోదు.

నా ఓటు గ్రంథాలయానికి. బ్రౌన్ దొర ఊరూరా సేకరించిన తెలుగు రాతప్రతులు ఈనాటికీ చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయంటే, ఒక సంస్థ వాటిని పట్టుకుని ఉండబట్టే. అలాగని ఏ గ్రంథాలయమైనా ఒకటే అనను. నాకు తెలిసిన ఒకరి నాన్నగారి కాగితాలు ఒకచోట మెట్ల కింద గోనెసంచుల్లో ఏళ్ళ తరబడి ఉండిపోయాయి. జాబితా లేదు, అడిగితే చెప్పేవాళ్ళు లేరు. శ్రద్ధగా చూసుకునే చోట కూడా ప్రమాదం రావచ్చు. 2000 ఆగస్టు వరదల్లో హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకే నీళ్ళొచ్చి పుస్తకాలు తడిశాయి. స్కాన్ కాపీ వేరేచోట ఉండాలనేది అందుకే.

ఇచ్చేముందు వెళ్ళి కళ్ళారా చూడండి. కాగితాలు నేల మీద ఉన్నాయా, అల్మారాల్లోనా? చదవడానికి వచ్చినవాళ్ళకి తీసి ఇస్తారా? అన్నీ రాతపూర్వకంగా పెట్టుకోండి. కాగితం ఇచ్చినంత మాత్రాన కాపీరైట్ పోదు. రచయిత పోయాక 60 ఏళ్ళదాకా అది వారసులదే. రచయితకు ఇతరులు రాసిన ఉత్తరాల హక్కు మాత్రం ఆ రాసినవాళ్ళది. ఇంకోమాట, కట్టలు విప్పి మీకు నచ్చినట్టు సర్దకండి. ఏ ఉత్తరం ఏ కథ చిత్తుప్రతి మధ్య ఉందో అదీ ఒక సాక్ష్యమే.

చివరికి మేం అన్నిటికీ నంబర్లు వేసి, స్కాన్ చేసి, పెట్టె గ్రంథాలయానికి అప్పగించాం. పెదనాన్న మా అమ్మకి రాసిన మూడు ఉత్తరాలు మాత్రం ఇవ్వలేకపోయాం. వాటి నకళ్ళు పెట్టెలో పెట్టి, అసలువి మా ఇంట్లో ఉన్నాయని జాబితాలో రాశాం.