డీడీపీ యోగా రెండేళ్లు చేశాక

చేతిలో ఏమీ ఉండదు. అయినా బావిలోంచి నిండు చేద తోడుతున్నట్టు పిడికిళ్లు బిగించి, మోచేతులు పక్కటెముకలకు రాసుకునేలా మెల్లగా వెనక్కి లాగాలి. తొడలు, పొట్ట కూడా బిగిసే ఉండాలి. మొదటి రోజు ఇది మూడు నిమిషాలు చేసి మణికట్టుకున్న గడియారం చూస్తే నాడి 78 నుంచి 126కు చేరింది. నిలబడ్డ గచ్చు మీంచి అడుగు కదపలేదు. గడియారం చెడిపోయిందనుకుని వేళ్లతో నాడి పట్టి లెక్కపెట్టాను. సరిగానే ఉంది. ఈ కండరాల బిగింపు కోసమే రెండేళ్లుగా డీడీపీ యోగా అనే ఈ వ్యాయామ యాప్‌ను అంటిపెట్టుకుని ఉన్నాను.

దీన్ని రూపొందించి, పాఠాలు చెప్పే అమెరికా కుస్తీ వీరుడు డైమండ్ డల్లాస్ పేజ్ (డీడీపీ) ఎవరో తొంభైలలో టీవీలో కుస్తీ పోటీలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. 1998లో ఆయన వెన్నులో, నడుము దగ్గరి ఎల్4, ఎల్5 డిస్కులు (ఎముకల మధ్య మెత్తలు) చిట్లాయి. ఇక రింగులోకి దిగలేవన్నారు వైద్యులు. యోగాసనాలకు, గాయం మానడానికి చేసే వ్యాయామాలను జోడించి ఒళ్లు బాగుచేసుకుని, 1999లో 43 ఏళ్ల వయసులో డబ్ల్యూసీడబ్ల్యూ అనే కుస్తీ సంస్థ ప్రపంచ టైటిల్ గెలిచారు. దెబ్బ తిన్న ఒళ్లు ఎక్కడ మొరాయిస్తుందో ఆయనకు తెలుసు. కష్టమైన ప్రతి భంగిమకూ తేలిక దారి చూపిస్తారు. పడుకున్న చోటే చేసేవి, కుర్చీలో కూర్చుని చేసేవి కూడా ఉన్నాయి.

నాలుగో నెలలో నా కుడి మణికట్టు వాచింది. మూడు అంకెలు లెక్కపెడుతూ కిందికి దిగి, అక్కడే ఆగి, మళ్లీ మూడు లెక్కపెడుతూ లేచే దండీలు ఇందులో అడుగడుగునా వస్తాయి. మోకాళ్లు ఆనించి చేయమని ఆయన చెబుతూనే ఉన్నా నేను వినలేదు. పైగా పగలంతా బ్యాంకులో కీబోర్డు మీదే పని. ఆరు వారాలు మానేశాను. ఫిజియోథెరపిస్టు సలహాతో ఇప్పుడు ఆ దండీలను వంటింటి గట్టు పట్టుకుని చేస్తున్నాను.

నడుము నొప్పి పూర్తిగా పోయిందని మొదటి ఏడాది కనబడినవాళ్లందరికీ చెప్పాను. ఆ మాట కొంత సవరించాలి. మార్చి నెలాఖరు లెక్కల రోజుల్లో నొప్పి మళ్లీ వచ్చింది, అయితే రెండు రోజుల్లో తగ్గింది. ఆఫీసులో కుర్చీ మార్చిందీ దాదాపు అప్పుడే, కాబట్టి ఘనత మొత్తం దీనికే ఇవ్వలేను.

సంప్రదాయ యోగా సాధన చేసినవాళ్లకు ఇందులో ప్రశాంతత దొరకదు. ధ్యానం జోలికి పోరు, గొంతు పెద్దది, హుషారు మరీ ఎక్కువ. దగ్గర్లో మంచి గురువు ఉంటే నేనూ అక్కడికే వెళ్లేవాణ్ణేమో. ఇంటికి వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటే నాకు మాత్రం ఇరవై నిమిషాల పాఠం సరిపోతోంది. ఈసారి చందా కట్టడానికి ఇంకో కారణం మా అమ్మ. మోకాళ్ల నొప్పులతో నేల మీద కూర్చోలేని ఆమె, ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఉదయం కాఫీ కాగానే కుర్చీ టీవీ ముందుకు లాక్కుంటోంది.