మునిగేవి, తేలేవి సైన్స్ కిట్: 450 రూపాయలకి దండగే

ఒడిశాలోని బరంపురంలో ఒక బొమ్మల షాపులో మా వాడి కోసం తీసుకున్నాను. కంపెనీ పేరు ఇక్కడ రాయను. ఐదేళ్ళు దాటిన పిల్లలకని డబ్బా మీద ఉంది, మా వాడికి ఆరు నిండాయి.

బాగున్నది గోళీల సెట్టు. చెక్క, గాజు, స్టీలు, మూడూ ఒకే సైజు. కాబట్టి ‘పెద్దది, అందుకే మునిగింది’ అని తప్పించుకోవడానికి లేదు. చేత్తో బరువు చూసి, ఏమవుతుందో ముందే చెప్పి, అప్పుడు నీళ్ళలో వేస్తాడు.

కార్డు మాత్రం ఘోరం. హిందీ, ఇంగ్లీషే ఉన్నాయి. ఒడియాకే దిక్కు లేదు, ఇక తెలుగు ఎక్కడ! భాష పోనీ, నేను చదివి చెప్తాను. ‘బరువైనవి మునుగుతాయి, తేలికైనవి తేలుతాయి’ అని రాశారే, అదేం పాఠం? అది వినగానే మా అత్తగారు పీచు తీయని కొబ్బరికాయ, ఒక మేకు తెచ్చి బకెట్లో పడేశారు. మేకు అడుక్కి పోయింది, కాయ తేలింది. “ఏట్రా, రెంటిలో ఏది బరువు?” అన్నారు. వాడు కార్డు వంక చూశాడు.

పోల్చాల్సింది ఆ వస్తువుని, అంతే చోటు పట్టే నీళ్ళతో. ఇనుము తనంత నీళ్ళకంటే దాదాపు 8 రెట్లు బరువు, కొబ్బరికాయ తనంత నీళ్ళకంటే తేలిక.

డబ్బాలోని రంగుమట్టి ఎండి పొడైపోయింది, వేరేది కొన్నాను. ముద్ద చేస్తే మునిగింది, అదే ముద్దని దొప్పలా ఒత్తితే తేలింది. మట్టి అంతే, అది పక్కకి తోసే నీళ్ళు పెరిగాయి. వాటి బరువు ఎంతో అంత బలంతో నీళ్ళు దాన్ని పైకి తోస్తాయి. “బొయిత బందాణకి వదిలామే, ఆ పడవా ఇంతేనా అమ్మా?” అన్నాడు. కార్తీక పౌర్ణమికి ఒడిశాలో చిన్న పడవలు నీళ్ళలో వదిలే పండగ అది. కాదు, ఆ పడవ అరటి బోదెతో చేసింది, బోదెని ముక్కలు చేసినా తేలుతుంది, దాని నిండా గాలి గదులే.

గుడ్డు తేలడానికి గ్లాసులో రెండు చిటికెల ఉప్పు చాలంటుంది కార్డు. సముద్రపు నీళ్ళలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది, అందులోనే తాజా గుడ్డు మునుగుతుంది! గుడ్డు పైకి లేచేదాకా స్పూన్లతో కలుపుతూ పోవాల్సిందే.

150కి ఇస్తే గోళీల కోసం తీసుకోండి. ఇంట్లో మూడేళ్ళలోపు పసివాళ్ళుంటే అదీ వద్దు, గోళీలు సరిగ్గా నోట్లో పట్టేంత ఉన్నాయి.